ఖాళీ ట్యాంకు

మా నాన్నగారు బందర్లో లెక్కల మాస్టారు. ఆయన చెప్పిన లెక్కలు ఎంతమందికి గుర్తున్నాయో తెలీదు గానీ, ఆయన యెజ్డీ రోడ్‌కింగ్ మాత్రం మా పేటలో అందరికీ గుర్తే. ఆ రెండు సైలెన్సర్ల చప్పుడు సందు మలుపులో వినబడగానే అమ్మ పొయ్యి మీద టీ గిన్నె పెట్టేది, నేను చందమామ దాచేసి లెక్కల పుస్తకం తీసేవాణ్ణి. తెలియనివాళ్ళకి చెప్తున్నా, ఆ బండికి కిక్కు రాడ్డూ గేరు రాడ్డూ ఒకటే. లోపలికి నొక్కి పైకి తిప్పి తంతే కిక్కు, స్టార్టయ్యాక ముందుకి వాలిస్తే గేరు. అందుకే దాన్ని దొంగలెత్తుకెళ్ళలేరని నాన్నగారి ధీమా.

2018లో నాన్నగారు పోయారు. కార్యక్రమాలన్నీ అయ్యాక, న్యూజెర్సీ తిరిగొచ్చేముందు రోజు నేనో తెలివైన పని చేశాను. ఇంట్లో అమ్మ ఒక్కతే ఉంటుంది, బండిలో పెట్రోలు ఉంటే ప్రమాదం అనిపించి, ట్యాంకు మొత్తం ఖాళీ చేసి, దుప్పటి కప్పి, వసారాలో పెట్టి వచ్చాను. రెండు వీధుల అవతల ఉండే మా మేనబావకి మాత్రం "నెలకోసారి కాస్త పెట్రోలు పోసి స్టార్ట్ చెయ్యి బావా" అని అప్పగించాను.

పాపం ఏడాదిపాటు చేశాడు. ఒకరోజు ఫోన్ చేసి, "పెట్రోలు కిందికి దిగట్లేదు బావా, ట్యాప్ విప్పితే ఎర్రటి మట్టి వస్తోంది" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. "ఒక్క బండిని చూసుకోలేకపోయావా?" అనేశాను. అతను ఇంకేం మాట్లాడలేదు. ఆ తర్వాత కరోనా, ఆ తర్వాత వీసా స్టాంపింగు గొడవ... మొత్తానికి 2024 సంక్రాంతికి గానీ ఇంటికి వెళ్ళలేకపోయాను. ఈలోగా ఆ మాట నేను మా ఆవిడతో, చెల్లెలితో ఎన్నిసార్లన్నానో లెక్కలేదు.

వెళ్ళేసరికి పాత ఇనుప సామాన్ల అతను బేరానికి వచ్చి ఉన్నాడు. అమ్మ గుమ్మంలో నిలబడి, "ఒక్కసారి ఆ చప్పుడు వినిపించరా, తర్వాత నీ ఇష్టం" అంది.

కోనేరు సెంటర్ దగ్గర నాన్నగారి బండి చూసే పెద్ద మేస్త్రీని తీసుకొచ్చాను. ఆయన ట్యాంకు ఊడదీసి, మూత తీసి, సెల్‌ఫోన్ లైటు వేసి చూశాడు. లోపలంతా ఇటుకపొడి చల్లినట్టుంది. ఊపితే గలగలమంటోంది.

"దీన్ని ఖాళీగా ఎవరు పెట్టారండీ?" అన్నాడు.

"నేనే."

"అదీ సంగతి" అని ఆయన తాపీగా చెప్పాడు. ట్యాంకు మూతకి గాలి వెళ్ళడానికి సన్న బెజ్జం ఉంటుంది. పగలు వేడికి లోపలి గాలి బయటికి పోతుంది, రాత్రి చల్లబడగానే బయటి గాలి లోపలికొస్తుంది. మా బందరు సముద్రం గాలి సంగతి తెలిసిందేగా! ఆ తేమ ఇనుము మీద చెమటలా పడుతుంది. ట్యాంకు నిండా ఉంటే ఆ గాలికి చోటే ఉండదు. పైగా ఇది టూ స్ట్రోక్ బండి, పెట్రోల్లో కలిపే ఆయిలు గోడలకి అంటుకుని కాస్త కాపు కాస్తుంది. ఖాళీ చేసిన ట్యాంకులో లోపల నాలుగు చుక్కలు ఆయిల్ తిప్పి ఉన్నా ఇంత జరిగేది కాదట. బావ నెలకోసారి పోసిన అరలీటరు అడుగునే ఉండేది, పైన గోడలన్నీ తుప్పు పట్టి ట్యాప్ జల్లెడలోకి రాలాయి.

నాలుగేళ్ళుగా బావ మీద వేసిన నేరం నాదన్నమాట.

తుప్పు తియ్యడానికి బాత్రూములు కడిగే యాసిడ్ పోస్తే గంటల్లో పోతుంది గానీ, అది తుప్పుతో పాటు రేకునీ తింటుంది. నేను సిట్రిక్ యాసిడ్ వాడదామన్నాను. కిరాణా కొట్టుకెళ్ళి అడిగితే "అలాంటివి మా దగ్గరుండవండీ" అన్నాడు. ఇంటికొచ్చి చెప్తే అమ్మ నవ్వి, "నిమ్మ ఉప్పు అని అడగరా, చింతపండుతో రాగిబిందె తోమినట్టేగా ఇదీ!" అంది. అమెరికాలో ఇరవయ్యేళ్ళుండి నేర్చుకున్నది అదీ :)

ముందు ట్యాంకుని సబ్బునీళ్ళతో పెట్రోలు వాసన పోయేదాకా కడిగాం. నీళ్ళు పోసి, కాగితం మీద రాత్రంతా ఉంచి, ఎక్కడా కారడం లేదని చూసుకున్నాం. గుప్పెడు నట్లు వేసి నేనూ బావా చెరో వైపూ పట్టుకుని ఊపి, పెళ్ళలన్నీ రాల్చాం. నట్లు లెక్కపెట్టి బయటికి తీశాం. ట్యాప్ బెజ్జానికి రబ్బరు బిరడా బిగించి, లీటరుకి ఎనభై తొంభై గ్రాముల చొప్పున నిమ్మ ఉప్పు కలిపిన వేడినీళ్ళు మెడదాకా నింపాం. లోపల గ్యాసు బుడగలొస్తాయి కాబట్టి మూత బిగించకుండా గుడ్డ కప్పి, దగ్గర్లో ఎవరినీ అగ్గిపుల్ల గియ్యనివ్వలేదు.

మర్నాడు ఒంపితే చిక్కటి డికాక్షన్‌లాంటి నీళ్ళొచ్చాయి. లోపల బూడిదరంగు ఇనుము కనబడింది. అసలు తొందరపడాల్సింది ఇక్కడే. శుభ్రమైన ఇనుము తడిగా ఉంటే నిమిషాల్లోనే మళ్ళీ తుప్పెక్కుతుంది. వంట సోడా నీళ్ళతో పులుపు విరిచి, మంచినీళ్ళతో కడిగి, చెల్లెలి హెయిర్ డ్రయర్‌తో ఆరబెట్టి, వెంటనే టూటీ ఆయిల్ పోసి అన్ని వైపులా దొర్లించాం.

ఆ దొర్లించేటప్పుడే బావతో అన్నాను, "తప్పు నాది బావా. ఆ రోజు ఫోన్లో అనకూడనిది అన్నాను."

అతను ట్యాంకు వంచుతూనే, "నాకు తెల్సులే. ఖాళీగా పెట్టావని అప్పుడే అనుకున్నా" అన్నాడు.

"మరి చెప్పలేదేం?"

"మావయ్య పోయి ఏడాదే అయిందప్పటికి. ఎలా చెప్పను?"

నాకేమనాలో తోచలేదు. ట్యాంకు ఇటు తిప్పమన్నాడు, తిప్పాను.

పదకొండో కిక్కుకి స్టార్టయింది. వీధంతా నీలం పొగ. అమ్మ గుమ్మంలోకి వచ్చి ఒక్క నిమిషం నిలబడి, ఏమీ అనకుండా లోపలికెళ్ళిపోయింది. ఇనుప సామాన్ల అతనికి ఫోన్ చేసి రావద్దన్నాను. తాళంచెవి బావ చేతిలో పెట్టాను, ఈసారి చూసుకోమని కాదు, నడుపుకోమని.

మీ ఊళ్ళో కూడా ఇలాంటి బండి ఉంటే ఒక్క మాట. నెలా రెండు నెలలైతే ట్యాంకు నిండా కొట్టించి పెట్టండి. ఏళ్ళ తరబడి వదిలేసేటట్టయితే పూర్తిగా ఒంపేసి లోపల ఆయిల్ పట్టించండి, ఎందుకంటే ఇప్పటి పెట్రోల్లో కలిపే ఇథనాల్ తేమని లాగుతుంది. అన్నిటికంటే మంచిది, నడిపేవాళ్ళకి ఇచ్చెయ్యండి.

ప్రతి ఆదివారం బావ బండి తీసి అమ్మని చూడ్డానికి వెళ్తున్నాడు. సందు మలుపులో చప్పుడు వినబడగానే అమ్మ టీ పెడుతోందట.