హోస్ట్ ఈజ్ డౌన్ అంటే నమ్మకండి

లినక్సులో విండోస్ షేరుని మౌంటు చెయ్యడం... అయితే ఒక్క నిమిషం పని. అవ్వకపోతే మాత్రం ఒక పూట పోయినట్టే. ఎందుకంటే అదిచ్చే ఎర్రర్ మెసేజీ ఒకటి, అసలు రోగం ఇంకోటి.

మా మామకి కోఠిలో, సుల్తాన్ బజారు దగ్గర ఒక సందులో చిన్న డీటీపీ సెంటరుంది. పుస్తకాలు, శుభలేఖలు, కాలేజీ గైడ్లు అన్నీ చేస్తారు. అక్కడ ఓ పాత ఎక్స్‌పీ మిషను. పేజ్‌మేకరూ, అను ఫాంట్లూ, దాదాపు 20 ఏళ్ళ పుస్తకాల ఫైళ్ళూ అన్నీ దాంట్లోనే. అవి యూనికోడ్ ఫాంట్లు కావు, ఆ ఫాంట్లు లేనిచోట తెరిస్తే తెలుగుకి బదులు పిచ్చి అక్షరాలొస్తాయి. అందుకే మిషను మార్చమంటే మామ వినరు. బ్యాకప్ కోసం పక్కనే ఓ ఉబుంటు డబ్బా పెట్టాను. రోజూ రాత్రి ఎక్స్‌పీ షేరుని మౌంటు చేసి, కాపీ చేసుకోవడం దాని పని.

ఉబుంటు 16.04 ఉన్నన్నాళ్ళూ ఏ గొడవా లేదు. 2021 ఏప్రిల్‌లో దానికి మామూలు సపోర్టు ఆగిపోయింది కదా అని 20.04 వేశాను. అంతే... మౌంట్ ఎర్రర్ 112, హోస్ట్ ఈజ్ డౌన్!

డౌనెక్కడుంది? మామ దాని ముందే కూర్చుని పేజీలు పెడుతున్నారు. "ఏందల్లుడూ, నిన్నటిదాంక మంచిగనే నడిచె గద?" అని ఆయన ప్రశ్న.

ఇలాంటప్పుడు కిందనుంచి పైకి రావాలి. ముందు పింగ్. వస్తోంది. తర్వాత 445 పోర్టు. తెరిచే ఉంది. అంటే హోస్టు బతికే ఉంది, వైరులో తప్పు లేదు. పాస్‌వర్డు తప్పయితే ఎర్రర్ 13 వస్తుంది. షేరు పేరు తప్పయితే 2 వస్తుంది. సిఫ్స్ యుటిల్స్ ప్యాకేజీ లేకపోతే "బ్యాడ్ సూపర్‌బ్లాక్" అంటూ డిస్కే పాడైనంత హడావిడి చేస్తుంది. ఇది వీటిలో ఏదీ కాదు. ఇక మిగిలింది ఇద్దరూ మాట్లాడుకునే భాష. కెర్నెల్ లాగు చూస్తే అదే తేలింది.

సంగతేంటంటే, లినక్సు కెర్నెల్ ఒకప్పుడు ఏమీ చెప్పకపోతే ఎస్ఎంబీ1 లోనే మాట్లాడేది. 2017 సెప్టెంబరులో వచ్చిన 4.13 నుంచి ఆ పద్ధతి మారింది. 4.14 నుంచి 2.1, ఆపై వర్షన్లే మాట్లాడుతుంది. ఎక్స్‌పీకేమో ఎస్ఎంబీ1 తప్ప ఇంకోటి రాదు. అర్థంకాని పలకరింపు రాగానే కనెక్షను తెంపేస్తుంది. దానికి మనవాడు పెట్టిన పేరు "హోస్ట్ ఈజ్ డౌన్". అదన్నమాట!

ఎవర్నడిగినా చెప్పే మందు ఒకటే. మౌంట్ ఆప్షన్లలో "వెర్స్=1.0" అని పెట్టు. పెడితే పనౌతుంది కూడా. నా గొడవల్లా అక్కడే. అసలు కెర్నెల్ వాళ్ళు దాన్ని ఎందుకు మార్చారు? 2017 మే 12న మొదలైన వాన్నాక్రై వ్యాపించింది విండోస్ ఎస్ఎంబీ1 లోని కన్నంలోంచే. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. మైక్రోసాఫ్టు అప్పటికే సపోర్టు ఆపేసిన ఎక్స్‌పీకి కూడా మర్నాడే ప్యాచ్ ఇవ్వాల్సొచ్చింది. ఆ ప్యాచ్ వేసినా, ఎక్స్‌పీని ఆఫీసు నెట్‌వర్కులో అందరి మధ్యా వదిలేసి, తలుపు తీసిపెట్టడం మంచిదేనా? పోతే పోయేది మామ 20 ఏళ్ళ కష్టం.

అలాగని ఎస్ఎంబీ1 లేకుండా ఎక్స్‌పీతో కుదరదు. అందుకని దాన్ని ఒక వైరుకే పరిమితం చేశాం. గుజరాతీ గల్లీ నుంచి ఓ నెట్‌వర్క్ కార్డు తెచ్చి ఉబుంటు డబ్బాకి రెండోదిగా బిగించాను. ఎక్స్‌పీని స్విచ్ నుంచి పీకేసి, నేరుగా ఆ కార్డుకి కలిపాను. రెండు కార్డుల మధ్య ఫార్వర్డింగ్ లేదు, కాబట్టి ఎక్స్‌పీకి ఇంటర్నెట్టూ లేదు. ఆ ఒక్క మౌంటుకే వెర్స్=1.0, అదీ రీడ్ ఓన్లీగా. కాపీలు తేదీలవారీగా విడివిడిగా ఉంటాయి. ఒకే కాపీ అయితే పాడైన ఫైలు వచ్చి మంచిదాన్ని తినేస్తుంది. మిగతా మిషన్లు ఆ ఫైళ్ళని ఉబుంటు సాంబా నుంచి ఎస్ఎంబీ3 లో చూసుకుంటాయి.

ఇంకో రెండు ముక్కలు. పాస్‌వర్డు కమాండులో రాయకండి, దాంట్లో కామా ఉంటే మౌంట్ దాన్ని ఇంకో ఆప్షను అనుకుంటుంది. వేరే క్రెడెన్షియల్స్ ఫైల్లో పెట్టి, పర్మిషన్ 600 చెయ్యండి. ఎఫ్‌స్టాబ్‌లో "నోఫెయిల్" మర్చిపోకండి, లేకపోతే కరెంటు పోయి వచ్చాక అవతలి మిషను ఆన్ చెయ్యలేదని ఇవతలిది కూడా బూటవ్వకుండా అలిగి కూర్చోవచ్చు.

"ఇంటర్నెట్ లేకుంటే దీంట్ల పాటలెట్ల వినాలె?" అని మామ ఇప్పటికీ అడుగుతూనే ఉంటారు, అది వేరే సంగతి. మీ ఆఫీసు సర్వర్లలో కూడా ఎఫ్‌స్టాబ్ ఓసారి తెరిచి, వెర్స్=1.0 ఎక్కడైనా ఉందేమో వెతకండి. పని జరిగితే చాలని ఎప్పుడో ఎవరో పెట్టి వెళ్ళిపోయుంటారు.