సున్నం తీర్చే కర్జ్

మా కర్నూలు, కడప ఇళ్లల్లో కాళ్ల కింద నాపరాయి, గోడల మీద సున్నం. రెండూ ఒకే ఖాందాన్.

యర్రగుంట్ల, బేతంచెర్ల వైపు దొరికే సున్నపురాయిని బట్టీలో 900 డిగ్రీల దాకా కాలుస్తారు. శుద్ధమైన రాయి 100 గ్రాములైతే, 44 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ లేచిపోయి 56 గ్రాముల సున్నం మిగులుతుంది. అలా విడిపోవడానికే రాయి సుమారు 178 కిలోజౌళ్ల వేడి మింగుతుంది. అది మంట ఇచ్చిన కర్జ్.

రంజాన్ ముందు అమ్మీ ఆ గడ్డల్ని కుండలో నానేసేది. "దూరం పోండ్రా, పొంగుతాంది!" అని కేకేసేది. కింద పొయ్యి లేదు, అయినా నీళ్లు సలసలా కాగేవి. ఆ 56 గ్రాముల సున్నం నీళ్లు తాగి, ఒక్కసారిగా 65 కిలోజౌళ్లు తిరిగిచ్చేస్తుంది.

మిగతా 113? గోడెక్కాక, గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుంటూ సబర్‌తో మెల్లగా తీరుస్తుంది. మన చెయ్యికి ఆ వేడి తెలియదు. చివరికి మళ్లీ రాయే అవుతుంది. కర్జ్ పూరా అదా.

ఒక్క మాట. గడ్డల మీద నీళ్లు గుమ్మరించకండి. నీళ్లలోకే గడ్డలు కొంచెం కొంచెంగా వేయండి. బచ్చాల కంట్లో పడితే చూపే పోవచ్చు. వెంటనే ధారగా నీళ్లతో అరగంట కడగండి, ఆపై ఆస్పత్రికి పరుగెత్తండి.