కోచ్ చేతికి ఏమిచ్చాం?

ఫుట్‌బాల్ అభిమాని నోట అన్నిటికంటే తొందరగా వచ్చే మాట ‘కోచ్‌ను మార్చాలి’. జట్టు రెండు మ్యాచ్‌లు ఓడితే గుసగుసగా మొదలవుతుంది. నాలుగు ఓడేసరికి గ్యాలరీలో అరుపవుతుంది. ఆరో ఓటమికి ఇక తీర్మానమే. గచ్చిబౌలి స్టేడియంలో నేను ఆట చూసిన సీజన్లలో నా చుట్టూ ఆ మాట వినబడనిది లేదు. అన్నవాళ్ళను తప్పుపట్టను. ఆఫీసు నుంచి పరుగున బయటపడి, ఐటీ కారిడార్ ట్రాఫిక్ దాటుకుని, టికెట్ కొని వచ్చినవాడికి కోపగించుకునే హక్కు పూర్తిగా ఉంది. కాకపోతే ఆ కోపం ఎవరి మీద పడాలో తేల్చుకోవడానికి మనం పాయింట్ల పట్టిక ఒక్కటే చూస్తాం. హైదరాబాద్ ఎఫ్‌సీ పుట్టుక నుంచి ఊరు విడిచిపోయేదాకా చూసినవాడిగా నేను చెప్పగలిగేది ఒకటే. కోచ్‌ను తూచాలంటే ముందు అతని చేతికి ఏమిచ్చామో చూడాలి.

2019లో పుణె క్లబ్బు మూతపడ్డాక దాని స్థానంలో మన ఊరికి ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) జట్టు వచ్చింది. మొట్టమొదటి మ్యాచ్‌లోనే కోల్‌కతాలో 5-0తో చిత్తయింది. నవంబర్‌లో సొంతగడ్డ మీద తొలి ఆటలో కేరళ బ్లాస్టర్స్‌ను 2-1తో ఓడించింది. చివర్లో మార్సెలీన్యో కొట్టిన ఫ్రీకిక్ గోడను దాటి వలలో పడ్డప్పుడు గ్యాలరీ ఎంత ఊగిందో చూస్తే, ఈ ఊళ్ళో ఫుట్‌బాల్ చచ్చిపోయిందన్న మాట ఇంకెవరూ అనరనిపించింది. ఆ తర్వాత ఎక్కువగా ఓటములే. 18 మ్యాచ్‌ల్లో 12 ఓటములు, 10 పాయింట్లు, పట్టికలో అట్టడుగు స్థానం. ఇంగ్లండ్‌లో హల్ సిటీని ప్రీమియర్ లీగ్‌కు చేర్చిన కోచ్ ఫిల్ బ్రౌన్‌ను జనవరిలోనే పంపేశారు. తర్వాతి సీజన్‌కు ఆల్బర్ట్ రోకాను అనుకుంటే, బార్సిలోనా పిలవగానే ఆయన అటు వెళ్ళిపోయారు. అలా ఖాళీ అయిన కుర్చీలోకి ఆఖరి నిమిషంలో వచ్చినవారు మనోలో మార్కెజ్.

2020-21 సీజన్ మొత్తం కరోనా వల్ల గోవాలోనే జరిగింది. స్టేడియాల్లో జనం లేరు. మనమంతా ఇళ్ళల్లో టీవీల ముందు ఉన్నాం. ఖాళీ మైదానంలో కోచ్ అరుపులు, బూటుకు బంతి తగిలిన చప్పుడు కూడా వినబడేవి. ఆ చప్పుళ్ళ మధ్య ఒక జట్టు తయారవడం చూశాను. ఎడమవైపు డిఫెన్స్‌లో ఆకాశ్ మిశ్రా అనే కుర్రాడు. ఇరవై ఏళ్ళు నిండలేదు. అంచు వెంబడి ముందుకు దూసుకుపోయేవాడు, బంతి పోయిందా, తలెత్తి చూడకుండా అంతే వేగంతో వెనక్కి వచ్చేవాడు. కుడివైపు ఆశిష్ రాయ్. ముందు లిస్టన్ కొలాసో, బంతి కాలికి అందితే ఎదుటివాడి మీదికే వెళ్ళడం తప్ప ఇంకో ఆలోచన లేని ఆటగాడు. పెద్ద పేర్లేమీ లేవు. ఒకరు తప్పుచేస్తే మర్నాడు బెంచీ మీద కూర్చోబెట్టే అలవాటు ఆ కోచ్‌కు లేదు. తర్వాతి మ్యాచ్‌లోనూ ఆ కుర్రాడే ఆడేవాడు, ఆ తప్పు తగ్గేది.

ఆ ఏడాది 20 మ్యాచ్‌ల్లో 6 గెలుపులు, 11 డ్రాలు, 3 ఓటములు. ఆఖరి మ్యాచ్‌లో గోవా మీద గెలిస్తే ప్లేఆఫ్, అది 0-0తో ముగిసింది. జట్టు అయిదో స్థానంలో ఆగిపోయింది. మా వాట్సాప్ గ్రూపులో ఆ రాత్రి పెద్ద గొడవ. ‘పదకొండు డ్రాలు ఆడించే కోచ్ మనకెందుకు’ అన్నది ఒక పక్షం. 12 ఓటముల నుంచి 3 ఓటములకు వచ్చిన జట్టు అప్పటికే సగం దూరం నడిచిందన్నది నా పక్షం. ఓడిపోవడం మరిచిన జట్టుకు గెలవడం నేర్పొచ్చు, అదే రెండో అడుగు. మార్కెజ్ ఇక్కడ చేసిన గొప్ప పని ట్రోఫీ గెలవడం కాదు, ఏ ట్రోఫీ రాని ఆ సీజనే అని నా అభిప్రాయం. ఆ మాట ఇప్పటికీ అంటాను.

ట్రోఫీ మరుసటి ఏడే వచ్చింది. లిస్టన్‌ను మంచి ధరకు కోల్‌కతా క్లబ్బుకు ఇచ్చేసినా జట్టు చెదరలేదు. 18 గోల్స్‌తో మన స్ట్రైకర్ ఒగ్బెచే ఆ సీజన్ టాప్ స్కోరర్. 2022 మార్చి 20న గోవాలోని ఫతోర్డాలో కేరళతో ఫైనల్. గ్యాలరీ నిండా కేరళ అభిమానులే, మనవాళ్ళు గుప్పెడుమంది. 68వ నిమిషంలో గోల్ తిన్నాం. 88వ నిమిషంలో, సబ్‌స్టిట్యూట్‌గా దిగిన సాహిల్ తవోరా బయటి నుంచే బాదిన బంతి నేరుగా వల్లోకి. పెనాల్టీ షూటౌట్‌లో గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు ఆపాడు. కేరళ ఆటగాడు నిషు కుమార్ మొదటి కిక్ ఆపితే రిఫరీ మళ్ళీ కొట్టించాడు, అదీ ఆపాడు. ఆఖరి పెనాల్టీ హలిచరణ్ నర్జారీది. 3-1. రెండేళ్ళ కిందట అట్టడుగున ఉన్న జట్టు ఛాంపియన్. ఆ తర్వాతి సీజన్‌లో 42 పాయింట్లతో లీగ్ పట్టికలో రెండో స్థానం.

అక్కడితో మార్కెజ్ గోవాకు వెళ్ళిపోయారు. 2023-24లో క్లబ్బు ఖజానా ఎండిపోయింది. జీతాలు అందక ఆటగాళ్ళు ఒక్కొక్కరే ఒప్పందాలు తెంచుకుని వెళ్ళారు. బాకీల వల్ల కొత్తవాళ్ళను తీసుకోకుండా ఫిఫా నిషేధం పెట్టింది. ఐర్లండ్‌కు చెందిన కోచ్ సీజన్ మధ్యలోనే వెళ్ళిపోతే, మిగిలిన కుర్రాళ్ళతో నెట్టుకొచ్చే బాధ్యత తంగ్‌బోయ్ సింగ్టో భుజాల మీద పడింది. 22 మ్యాచ్‌ల్లో ఒక్కటే గెలుపు, 8 పాయింట్లు, అట్టడుగు.

ఆ సీజన్‌లో ఒక సాయంత్రం నా పక్కన కూర్చున్న పెద్దాయన గుర్తున్నారు. పాతబస్తీ పోలీసు క్వార్టర్లలో పెరిగినవారట, చిన్నప్పటి నుంచి లాల్‌బహాదుర్ స్టేడియంలో ఆటలు చూసినవారు. ముందు వరసలో ఒక యువకుడు లేచి సింగ్టోను తిడుతున్నాడు. పెద్దాయన అతని భుజం తట్టి కూర్చోబెట్టారు.

‘‘తమ్మీ, ఆ పోరగాండ్లకు జీతాలు ముట్టలేదంటున్నరు. ఖాళీ జేబుతోని ఆడే పిల్లలను గెలిపించుమంటే కోచ్ ఏం జేస్తడు?’’

‘‘మరి ఎవర్ని అడగాలె చాచా?’’

‘‘పైసలు ఇయ్యాల్సినోళ్ళను అడగాలె. వాళ్ళు గ్రౌండ్ల కనవడరు. ఈయన కనవడుతున్నడని ఈయన్నే తిడుతున్నవు.’’

ఆ కుర్రాడు మాట్లాడలేదు. ఆ ఆట కూడా ఓడిపోయాం. కానీ చివరి విజిల్ దాకా ఎవరూ లేచిపోలేదు.

పెద్దాయన ఆ మాట అనడం వెనక ఈ ఊరి చరిత్ర ఉంది. హైదరాబాద్ ఫుట్‌బాల్‌కు ఊపిరి పోసిన సయ్యద్ అబ్దుల్ రహీం మాస్టారు బడిపంతులు. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదు రోవర్స్ కప్పులు గెలిచింది. అలాంటి జట్టు అన్నేళ్ళు ఒక్కచోట ఎలా నిలబడిందో ఆలోచిస్తే ఒక సాదా కారణం కనబడుతుంది. ఆ ఆటగాళ్ళకు పోలీసు శాఖలో ఉద్యోగం ఉంది, ఒకటో తారీఖున జీతం ఉంది. పొద్దున ప్రాక్టీసుకు వచ్చిన కుర్రాడు సాయంత్రానికి ఇంకో ఊరి క్లబ్బు చూసుకోవలసిన అవసరం లేదు. అందుకే రహీం సాబ్ వాళ్ళతో ఏళ్ళ తరబడి పనిచేయగలిగారు. డ్రిబ్లింగ్ చేయకూడదన్న షరతుతో టోర్నమెంట్లు పెట్టారు, బలహీనమైన కాలుతోనే కొట్టాలన్న షరతుతో పెట్టారు. అలాంటి పాఠాలు ఒక సీజన్‌లో ఫలితం ఇవ్వవు. ఇచ్చేదాకా ఆగే ఓపిక అప్పట్లో ఈ ఊరికి ఉంది.

ఆయన లెక్కలో ఓటములు లేవా? 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో ఆయన కోచ్‌గా ఉన్న భారత జట్టు యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడింది. ఆ చలిలో మనవాళ్ళు చాలామంది బూట్లు లేకుండా ఆడారు. ఈ రోజుల్లో అలాంటి స్కోరు వస్తే కోచ్ విమానం దిగకముందే వారసుడి పేరు బయటికొస్తుంది. నాలుగేళ్ళ తర్వాత మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు జట్టును తీసుకెళ్ళింది మళ్ళీ రహీం సాబే. అక్కడ ఆస్ట్రేలియాను 4-2తో కొట్టి భారత్ నాలుగో స్థానంలో నిలిచింది. అందులో హైదరాబాదీలు ఎందరో. 1962లో జకార్తా ఏషియన్ గేమ్స్ ఫైనల్‌లో దక్షిణ కొరియా మీద 2-1 గెలుపు కూడా ఆయనదే. అప్పటికే క్యాన్సర్‌తో ఉన్నారు, మరుసటి ఏడాది పోయారు. హెల్సింకి స్కోరు చూసి ఆయన్ను శాశ్వతంగా పక్కన పెట్టి ఉంటే మెల్‌బోర్న్ లేదు, జకార్తా లేదు.

మార్కెజ్ దగ్గరికి వస్తాను. ఆయన కథ గచ్చిబౌలిలో మరోసారి నా కళ్ళముందుకు వచ్చింది. 2024 నవంబర్ 18న, ఈసారి భారత జట్టు కోచ్‌గా, అదే టచ్‌లైన్ మీద చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఎదుట మలేసియా. మన గోల్‌కీపర్ గుర్‌ప్రీత్ బంతికోసం ముందుకొచ్చి అందుకోలేకపోయాడు, ఖాళీ గోల్‌లోకి వాళ్ళు కొట్టేశారు. విరామానికి ముందు కార్నర్ నుంచి రాహుల్ భేకే తలతో సమం చేశాడు. 1-1. ఆ ఏడాది భారత జట్టు ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు. బయటికి వస్తుంటే మెట్ల మీద ఒకరు అడిగారు, మనకు కప్పు తెచ్చింది ఈయనేనా అని. ఈయనే. ఆ కళ్ళు అవే, ఆ ఆలోచన అదే. మారింది ఆయన చేతిలో ఉన్నది. హైదరాబాద్‌లో రోజూ మైదానంలో ఒకే కుర్రాళ్ళు ఉండేవారు. జాతీయ జట్టు కోచ్‌కు ఆటగాళ్ళు దొరికేది అంతర్జాతీయ మ్యాచ్‌ల కోసం లీగులు ఆగే ఆ కొద్ది రోజులే. పైగా ఆయన అదే సమయంలో ఎఫ్‌సీ గోవా కోచ్‌గా కూడా ఉన్నారు.

ఇక్కడ ఆయన్ను వెనకేసుకురాను. రెండు పడవల మీద కాళ్ళు పెట్టడానికి ఒప్పుకోవడం ఆయన తప్పు, ఒప్పించిన ఫెడరేషన్‌ది ఇంకా పెద్ద తప్పు. గోవాతో సూపర్ కప్ గెలిచారు, భారత్‌తో ఎనిమిది మ్యాచ్‌ల్లో మాల్దీవుల మీద ఒక్క గెలుపు. 2025 జూన్‌లో హాంకాంగ్‌తో 1-0 ఓటమి తర్వాత వెళ్ళిపోయారు. అప్పుడు ఆయన వెళ్ళడమే సరైనదని నేనూ అన్నాను. కోచ్‌కు ఓపిక చూపాలంటే అంతులేని ఓపిక అని కాదు. అతని దగ్గర మనుషులు ఉండి, సమయం ఉండి, అయినా ఆట ముందుకు జరగకపోతే కుర్చీ ఖాళీ చేయవలసిందే. రెండూ లేనప్పుడు ఎవర్ని కూర్చోబెట్టినా అదే ఆట.

2024లో కొత్త యజమానులు రావడంతో హైదరాబాద్ ఎఫ్‌సీ బతికింది. సీజన్ ముంచుకొచ్చాక హడావిడిగా ఆటగాళ్ళను పోగుచేశారు. డిసెంబర్‌లో సింగ్టోను తప్పించారు. పదమూడు జట్లలో పన్నెండో స్థానం. మరుసటి ఏడాది క్లబ్బు ఢిల్లీకి వెళ్ళి పేరు మార్చుకుంది. జీతాల్లేని కాలంలో కుర్రాళ్ళను నిలబెట్టిన సింగ్టోకు కుదురుగా ఒక్క ప్రీసీజన్ కూడా ఇవ్వలేదన్న బాధ నాకింకా పోలేదు.

ఇప్పుడు ఊళ్ళో మిగిలిన పెద్ద క్లబ్బు శ్రీనిధి డెక్కన్. విశాఖ నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడింది, ఐ-లీగ్‌లో 2022-23, 2023-24 సీజన్లలో వరసగా రెండో స్థానం సాధించింది. మా గ్రూపులో ఇప్పుడు ఆ జట్టు కోచ్ గురించి తగువు నడుస్తోంది. ఉంచాలా, మార్చాలా అని ఓటింగ్ కూడా పెట్టారు. నేనింకా ఓటు వేయలేదు. పోయినేడు ఆడినవాళ్ళలో ఎంతమంది ఈ ఏడూ ఉన్నారో, అకాడమీ నుంచి పెద్దజట్టులోకి ఎవరొచ్చారో, అందరికీ జీతం టైముకు ముడుతోందో లేదో ముందు చెప్పమని అడిగాను. ఇద్దరు కుర్రాళ్ళు వివరాలు కనుక్కుంటామన్నారు.