తాళము వేసినదెవరు?

ఒక కుర్రవానిని నేను నోటితో నిందింపలేదు గాని మనస్సులో నిందించితిని. ఆ సంగతి వ్రాయుటకే ఈ నెల కలము పట్టితిని. మధ్యలో కంప్యూటరు సంగతులు కొన్ని వచ్చును. ఓపికతో చదువుడి, అవి తీసివేసినచో చెప్పుటకు కథయే లేదు.

2024 సెప్టెంబరు 1వ తేదీ ఆదివారము బుడమేరు పొంగి సింగ్‌నగరు మొదలైన పేటలను ముంచుట మీలో అనేకులకు జ్ఞాపకముండును. మరునాడు ప్రకాశము బ్యారేజి వద్ద కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటి పారెను. ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టు నా మిత్రుని షెడ్డులోనికి ఆ నీరు రాలేదు. అయితే అతని పనివారిలో సగముమంది సింగ్‌నగరు వారే. టింకరింగు చేయువాడు, వెల్డింగు చేయువాడు, రంగులు వేయువాడు, అందరి ఇండ్లలోను బియ్యము, పరుపులు, పిల్లల పుస్తకములు బురదపాలాయెను. లెక్కలు వ్రాయు గుమాస్తా కూడ ఆ పేటవాడే. అతడు భార్యాబిడ్డలతో గుడివాడలో అత్తవారింట తలదాచుకొని, అక్కడనుండియే ఆటోనగర్ ఆఫీసు కంప్యూటరులో పని చేయుచుండెను.

ఈ ఏర్పాటును రిమోట్ డెస్క్‌టాప్ అందురు. ఇది నిన్నటి వింత కాదు. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ నాటినుండి సామాన్యుల కంప్యూటరులలోను ఉన్నదే. గుడివాడలో మీట నొక్కినయెడల ఆటోనగర్‌లో అక్షరము పడును; ఆటోనగర్ తెర గుడివాడలో కనబడును. లెక్కలు మాత్రము ఆఫీసు యంత్రములోనే యుండును. మంచి ఏర్పాటే. అయినను దూరముననుండి తలుపు తట్టువాడు ఎవడో యంత్రమునకు తెలియదు గనుక, పాస్‌వర్డు విషయములో అది మిక్కిలి కఠినముగా నుండును.

సెప్టెంబరు 21వ తేదీ శనివారము సాయంకాలము నాలుగు గంటలకు నా మిత్రుడు ఫోను చేసెను. "అయ్యగారూ, ఒకసారి షెడ్డుకు రండి. కంప్యూటరుకు తాళం పడింది. వారం కూలి లెక్క అంతా అందులోనే ఉంది."

సంఘపు పుస్తకములు వ్రాయుటకై నేను నలుబది దాటిన తరువాత కంప్యూటరు నేర్చుకొన్నవాడను. అంతమాత్రమున నన్ను వైద్యుని పిలిచినట్లు పిలుచువారు కొందరున్నారు. పటమట దాటి ఆటోనగర్ గేటులో ప్రవేశించి షెడ్డు చేరునప్పటికి, సగము కట్టిన లారీ బాడీ నీడన పదునలుగురు పనివారు కూర్చుండి యుండిరి. ఒక్క సుత్తి చప్పుడైనను లేదు. వరద తరువాత వారికి చేతికి వచ్చు మొదటి నిండు వారపు కూలి అది.

ఆఫీసు గది గుమ్మమునొద్ద వైరింగు పని నేర్చుకొను పదునెనిమిదేండ్ల కుర్రవాడు నిలువబడి యుండెను. మధ్యాహ్నము బల్ల తుడిచినది వాడేనట. యజమానుడు లోపలికి వచ్చి చూడగా తెర మూయబడి యుండెను. "వీడే ఏదో నొక్కాడు" అని అతడు మండిపడుచుండెను. కుర్రవాడు నా వైపు చూచి, "తుడిచానంతే అయ్యగారూ, ఏమీ నొక్కలేదు" అనెను.

తెర మూయబడుట దోషము కాదు. ఆఫీసులలో వాడు సామాన్యమైన విండోస్‌లో ఒక వేళ ఒక్కరికే చోటు. దూరముననున్నవాడు లోపల ప్రవేశించగానే ఇక్కడి తెరకు తాళము పడును. ఇక్కడివాడు తాళము తీసినచో అక్కడివాడు బయటికి త్రోయబడును. ఈ మాట నా మిత్రునికి చెప్పితిని. అతడు కొంత చల్లబడెను. అయితే మూడు గంటలప్పుడు గుడివాడలో కరెంటు పోయి వచ్చిన తరువాత గుమాస్తా మరల ప్రవేశింపబోగా, తప్పు ప్రయత్నములు మితిమీరినవి గనుక ఈ పేరు మూయబడినదని యంత్రము చెప్పెనట. తాను ఒక్కసారియే కొట్టితినని అతడు ఫోనులో ప్రమాణము చేయుచుండెను.

ఇప్పుడు నా తెలివితక్కువ వినుడి. అతడు ఫోనులో పాస్‌వర్డు చెప్పగా ఆఫీసు యంత్రమునొద్ద నేనే కొట్టితిని. ఒకసారి కాదు, మూడు సార్లు. తరువాత చూడగా తెర క్రింది మూలను మీటల భాష తెలుగులో నుండెను. వేసవిలో ఆ షెడ్డువారి కరపత్రము అచ్చుకు సిద్ధపరచుటకు ఆ తెలుగు మీటలు పెట్టినవాడను నేనే! ఇంగ్లీషునకు మార్చి కొట్టినను అదే జవాబు వచ్చెను.

నా మిత్రుడు విసిగి, "తీగ పీకేసి మళ్లీ వేద్దాం" అని లేచెను. నేను చేయి అడ్డము పెట్టితిని. గుమాస్తా తెరచిన కూలి పట్టిక ఆ మూసిన తెర వెనుక ఇంకను తెరచియే యున్నది. సంబంధము తెగినంతమాత్రమున పని చెడదు. యంత్రము దానిని అట్లే పట్టుకొని కాచియుండును. కరెంటు తీసినయెడల మాత్రము భద్రపరచని లెక్కంతయు పోవును. పదునలుగురి ఓవరుటైము అందులో నుండెను.

2022 అక్టోబరు తరువాత కొత్తగా సిద్ధపరచిన విండోస్ 11 యంత్రములలో, పది మారులు తప్పు పాస్‌వర్డు పడినచో ఆ పేరు పది నిమిషములు మూయబడునట్లు మొదటినుండియే ఏర్పాటున్నది. రిమోట్ డెస్క్‌టాప్ వాడు 3389వ ద్వారమును కొందరు తిన్నగా ఇంటర్నెట్టు వైపు తెరచి పెట్టెదరు. అది షెడ్డు గేటు తీసి హైవే ప్రక్కన నిద్రపోవుట వంటిదే, రాత్రియంతయు దొంగలు పాస్‌వర్డులు కొట్టి చూచెదరు. ఇక్కడ అట్లు కాదు. గుమాస్తా వీ.పీ.ఎన్. అను మూసిన దారిన వచ్చువాడు. మరి పది నిమిషములలో విడవలసిన తాళము గంటన్నరయైనను ఏల విడువలేదు? ఎవరో మరల మరల తప్పు కొట్టుచుండవలెను గదా?

"ఇంకెవరు? ఇందాకటి నుంచి వీడొక్కడే ఇక్కడ తిరుగుతున్నాడు. వీడి కూలి ఆపండి, నిజం వాడే చెబుతాడు" అని నా మిత్రుడనెను. కుర్రవాడు నన్ను చూచెను. నేను ఊరకుంటిని. అంతకు పూర్వము ఒకనాడు గుమాస్తా భుజము మీదుగా వాడు మీటల వైపు ఆశగా చూచుట నేను కనిపెట్టితిని. నా మనస్సులో అది సాక్ష్యమైపోయెను. యజమానుడు వానిని వీధి గేటునొద్ద నిలువబెట్టెను.

కంప్యూటరు అమ్మినవాడు అధికారి ఖాతా పాస్‌వర్డును ఒక డైరీలో వ్రాసి యిచ్చెనట. డైరీ దొరకుటకు అరగంట పట్టెను. ఆ పేరుతో ప్రవేశించి, గుమాస్తా పనిని కదపకయే, ఈవెంట్ వ్యూయర్ అను చోట సెక్యూరిటీ దినచర్యను తెరచితిని. యంత్రములో జరుగు ముఖ్య సంగతులన్నియు అక్కడ గంట నిమిషములతో వ్రాయబడి యుండును. ఒక పేరు మూయబడినప్పుడెల్ల 4740 అను అంకెతో ఒక వరుస పడును. ఆ తప్పు కబురు ఏ కంప్యూటరునుండి వచ్చినదో దానిలోనే చూపును.

అట్టి వరుసలు తొమ్మిది యుండెను. వాటిలో రెండు, కుర్రవాడు వీధి గేటునొద్ద నిలువబడి యున్న వేళ పడినవి. తొమ్మిదింటిలోను ఒకే కంప్యూటరు పేరు: వెనుకనున్న స్పేరుపార్టుల గదిది.

గుమాస్తాకు ఫోను చేసి ఈ మాట చెప్పగా అతడు కొంతసేపు పలుకలేదు. పాస్‌వర్డు వ్రాసికొనిన పుస్తకము వరదలో కొట్టుకొనిపోయెనట. అది ఎవరికైన దొరకునేమోయని భయపడి గురువారము పాస్‌వర్డు మార్చెను. (దూరముననుండి మార్చువారు కంట్రోల్, ఆల్ట్, డిలీట్ నొక్కినచో అది తమ యెదుటి యంత్రమునకే తగులును, డిలీట్‌నకు బదులు ఎండ్ నొక్కవలెను.) అయితే స్పేరుపార్టుల గది కంప్యూటరు, ఆఫీసు యంత్రములోని సరకు పట్టికను చూచుటకు, ఇతని పేరును పాత పాస్‌వర్డును ఎప్పుడో దాచుకొని యుండెను. ఆ గదివాడు వరద తరువాత ఆ శనివారమే పనిలోనికి వచ్చి దానిని తెరచెను. అప్పటినుండి ఆ యంత్రము, ఎవరి చేయి లేకుండ, పాత పాస్‌వర్డుతో తలుపు తట్టుచునే యుండెను.

మొదట ఆ గదికి పోయి, క్రెడెన్షియల్ మేనేజర్‌లో దాగియున్న పాత పాస్‌వర్డును తీసివేసితిని. తాళము ముందు తీసి దీనిని మరచినచో నిమిషములలో మరల పడును. పిమ్మట ఆఫీసులో గుమాస్తా పేరు నెదుట, ఖాతా మూయబడినదను గురుతును తుడిచితిని. గుడివాడనుండి అతడు ప్రవేశించెను. కూలి పట్టిక ఎక్కడ విడిచెనో అక్కడనే యుండెను.

ఏడున్నరకు కూలి పంచిరి. కుర్రవాడు తన కవరు పుచ్చుకొని, లెక్కపెట్టకయే జేబులో వేసికొని, తల యెత్తక వెళ్లిపోయెను. సోమవారము పనికి రాలేదు.

మంగళవారము నా మిత్రుడు స్కూటరు మీద సింగ్‌నగరు బయలుదేరెను. నేనును వెనుక కూర్చుంటిని. ఆ యింటి గోడకు కిటికీ పైవరకు నీటి చార యుండెను. వాని తల్లి గుమ్మములో మంచపు పట్టె కడుగుచుండెను. నా మిత్రుడు చెప్పులు విడిచి, "తప్పు నాదిరా బాబూ" అనెను. అప్పుడు నేనును చెప్పవలసి వచ్చెను. "ఆయన నోటితో అన్నాడు. నేను లోపల అనుకున్నాను" అంటిని.

వాడు చాలసేపు నేలవైపు చూచెను. తరువాత, "నా పేరు కాదని చెప్పిన ఆ నంబరు ఎంత అయ్యగారూ?" అని అడిగెను.

4740 అని చెప్పితిని. వాడు లోపలినుండి పెన్ను తెచ్చి అరచేతిలో వ్రాసికొనెను.