కాపురం లెక్క వేరు, కుర్చీ లెక్క వేరు

కట్టుకున్న భార్యనే మోసం చేసినవాడు ఓటేసినవాళ్లను మోసం చేయడా? నాయకుడి వివాహేతర సంబంధం బయటపడ్డప్పుడల్లా నేనుంటున్న అమెరికాలోనూ, మన ఇందూరు (నిజామాబాద్)లోనూ ఎదురయ్యే ప్రశ్న ఇది. 1998 డిసెంబరులో ప్రతినిధుల సభ అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటన్‌ను అభిశంసించిన రోజుల్లోనే, గ్యాలప్ సర్వేలో ఆయన పనితీరును మెచ్చినవారు 73 శాతానికి చేరారు. సభ మోపిన అభియోగాలు సైతం ఆయన వివాహేతర సంబంధం గురించి కావు. ప్రమాణం చేసి అబద్ధమాడారని, న్యాయానికి అడ్డుపడ్డారని. కాపురం లెక్కను, కుర్చీ లెక్కను అమెరికన్లు అప్పుడే విడదీసి చూశారు.

మనం అలా విడదీయలేకపోయిన సందర్భం 2009 డిసెంబరు నాటిది. అప్పటి ఆంధ్రప్రదేశ్ గవర్నర్ ఎన్.డి. తివారీ రాజ్‌భవన్‌లో మహిళలతో ఉన్నారంటూ ఏబీఎన్ ఆంధ్రజ్యోతి వీడియో ప్రసారం చేసింది. అది కల్పితమంటూనే ఆయన ఆరోగ్య కారణాలు చెప్పి రాజీనామా చేశారు. అప్పటికే ఆయనకు భార్య లేరు కాబట్టి ఆ ఘటనలో దాంపత్య ద్రోహమన్న మాటే వర్తించదు. గనుల లీజు ఆశ చూపి మహిళలను రప్పించుకున్నారన్నది అసలు ఆరోపణ. నిజమైతే అది పదవిని అమ్ముకోవడమే. కానీ ఊరూవాడా మాట్లాడుకున్నది వీడియో గురించి, ఆయన వయసు గురించి. రచ్చలో లీజు మాట వెనక్కి పోయింది.

మా జిల్లాలో నాయకుల మాటను తూచడానికి వాళ్ల ఇళ్లలోకి తొంగిచూడాల్సిన పని లేదు. బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం కాలపు చక్కెర ఫ్యాక్టరీని 2002లో తెలుగుదేశం ప్రభుత్వం ప్రైవేటుపరం చేసింది. స్వాధీనం చేసుకుని నడిపిస్తామన్న టీఆర్‌ఎస్ హయాంలో 2015 డిసెంబరులో అది మూతపడింది. 2019 లోక్‌సభ ఎన్నికల్లో పసుపు, ఎర్రజొన్న రైతులు 178 మంది బరిలోకి దిగితే ఒక్క నిజామాబాద్ సీటుకు 185 మంది అభ్యర్థులయ్యారు. గెలిచిన ఐదు రోజుల్లో పసుపు బోర్డు తెస్తానని బీజేపీ అభ్యర్థి ధర్మపురి అర్వింద్ బాండు పేపరు రాసిచ్చి గెలిచారు. బోర్డు మొదలైంది 2025 జనవరిలో. ఈ నాయకుల కాపురాలు ఎంత చక్కనివైనా చెరుకు రైతుకు, రోడ్డున పడ్డ కార్మికుడికి ఒరిగిందేమిటి?

బుద్ధి ఒక్కటే కదా, ఇంట్లో ఒకలా బయట ఒకలా ఉంటుందా అనేవారి వాదనకూ ఆధారం ఉంది. వివాహేతర సంబంధాల వెబ్‌సైట్‌ను వాడిన పోలీసులు, ఆర్థిక సలహాదారుల వంటివారు వృత్తిలోనూ తప్పు చేసే అవకాశం రెట్టింపుకు మించి ఉందని 2019లో అమెరికా సైన్స్ అకాడమీ పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. కాదనను. అయితే అలాంటి సగటు లెక్క, మనిషి గురించి ఇంకేమీ తెలియనప్పుడు పనికొచ్చే అంచనా. నాయకుడి విషయంలో ఇచ్చిన హామీలు, చేసిన పనులు, అఫిడవిట్‌లోని కేసులు, భార్యాభర్తల ఆస్తులు కళ్లముందే ఉంటాయి. చేతిలో సాక్ష్యం ఉండగా అంచనాతో పనేమిటి? సొంత విషయమని వదిలేస్తే ఆడవాళ్లకు జరిగే అన్యాయం కప్పిపెట్టినట్టేనన్న మాట ఇంకా బరువైనది. క్లింటన్‌తో సంబంధంలో ఉన్న మోనికా లెవిన్‌స్కీ వైట్‌హౌస్‌లో ఇంటర్న్, ఆయన అధ్యక్షుడు. ఆ 73 శాతం మంది పట్టించుకోవాల్సింది అధికారంలోని ఆ ఎక్కువతక్కువలనే. అందుకే పదవిని అడ్డం పెట్టుకున్నారా, బెదిరించారా, ప్రజల సొమ్ము వాడారా, ప్రమాణం చేసి అబద్ధమాడారా అని గట్టిగా అడగాలి. ఒక్కదానికి అవునని తేలినా ఓటు వేయకూడదు. ఏదీ లేకపోతే అది భార్యాభర్తలు తేల్చుకోవాల్సిన పంచాయితీ. 2018లో ఐపీసీ 497వ సెక్షన్‌ను కొట్టేసిన సుప్రీంకోర్టు కూడా వివాహేతర సంబంధాన్ని విడాకులకు కారణంగా ఉంచిందే తప్ప నేరంగా ఉంచలేదు. ఓటరు తేల్చాల్సిన పంచాయితీలు బోధన్‌లో ఇంకా చాలానే ఉన్నాయి.