ఫారం-సి కన్నా ముందు ఒక నోట్‌బుక్

కొంచెం పెద్ద పోస్టే. మీ ఊళ్ళో సామూహిక అటవీ హక్కుల క్లెయిమ్ పెట్టే ఆలోచన ఉంటే మాత్రం ఓపిగ్గా చదవండి.

మా ఊళ్ళో ఈ వేసవిలో ఫారం-సి పెట్టాలని యూత్ అంతా అనుకున్నాం. తెలియనివాళ్ళ కోసం ఒక్క ముక్క. 2006 అటవీ హక్కుల చట్టంలో పోడు భూమికి పట్టా అడిగేది ఫారం-ఎ. మేత, ఆకు, చేపలు లాంటివి ఊరంతా కలిసి అడిగేది ఫారం-బి. మన ఊరి సాంప్రదాయ హద్దులో ఉన్న అడవిని మనమే కాపాడుకుని, మనమే చూసుకునే హక్కు అడిగేది ఫారం-సి. పట్టా గురించి చిన్నపిల్లలకి కూడా తెలుసు. సి గురించి మా ఊళ్ళో చాలామంది విననే లేదు.

ఫారం చిన్నదే, ఒక పూటలో నింపేయొచ్చు. ఎవరికి ముందు చెప్పాలి, ఎవరు వెళ్ళి చెప్పాలి, ఏ భాషలో చెప్పాలి అన్నదే నెలల పని.

మా డిగ్రీలో ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ పేపర్ ఉంది. అందులో స్టేక్‌హోల్డర్లు అని ఒక చాప్టర్. అంటే మన పనితో లాభమో నష్టమో ఉన్నవాళ్ళందరూ. వాళ్ళని నాలుగు గళ్ళ బొమ్మలో పెట్టమంటారు. అధికారమూ ఆసక్తీ ఎక్కువ ఉన్నవాళ్ళతో దగ్గరగా ఉండాలి, రెండూ తక్కువ ఉన్నవాళ్ళని ఊరికే గమనిస్తే చాలు. పరీక్షలో నేనూ అదే రాశాను, మార్కులు బాగానే వచ్చాయి. కానీ ఆ బొమ్మలో మా ఊరిని పెడితే కలెక్టర్ గారూ డీఎఫ్‌ఓ గారూ పై గడిలోకి వెళ్తారు, మా నాయనమ్మ అడుగు గడిలోకి వస్తుంది.

చట్టం చూస్తే తిరగబడి ఉంది. 2012లో సవరించిన రూల్స్ ప్రకారం గ్రామసభలో ఊరి పెద్దవయసు వాళ్ళందరిలో కనీసం సగం మంది కూర్చోవాలి. వచ్చినవాళ్ళలో కనీసం మూడో వంతు ఆడవాళ్ళు ఉండాలి. 18 నిండినవాళ్ళు 140 మంది ఉన్నారనుకోండి, 70 మంది రావాలి, అందులో 24 మంది అక్కలూ అమ్మలూ ఉండాలి. అటవీ హక్కుల కమిటీలో కూడా 10 నుంచి 15 మంది సభ్యులుంటే మూడింట రెండొంతులు ఎస్టీలు, మూడో వంతు ఆడవాళ్ళు ఉండాలి. మా నాయనమ్మా, ఆమె ఈడువాళ్ళూ రాకపోతే కాగితం కలెక్టర్ దాకా వెళ్ళదు.

అందుకే ఫారం కన్నా ముందు ఒక నోట్‌బుక్ కొన్నాం. ఐదు గళ్ళు గీశాం. ఎవరు, వాళ్ళ భయం ఏంటి, వాళ్ళ నుంచి మనకి ఏం కావాలి, ఎవరు వెళ్ళి చెప్పాలి, ఎప్పుడు. ‘భయం’ గడి మా పుస్తకంలో లేదు, మేమే పెట్టుకున్నాం. అదే అన్నిటికన్నా పనికొస్తోంది.

ఆడవాళ్ళ సంగతి చూడండి. ‘అడవి కమిటీ’ అనగానే మా ఊళ్ళో అందరికీ గుర్తొచ్చేది వనసంరక్షణ సమితి. అది అటవీ శాఖతో కలిసి నడిచిన కమిటీ, ఇది గ్రామసభ ఎన్నుకునే కమిటీ. రెండూ వేరని ఎవరైనా విడదీసి చెప్పాలి కదా. మా పిన్ని అడిగింది ఒక్కటే మాట: “ఈ కాగితం పెడితే రేపట్నుంచి అడ్డాకుకి పోనిస్తారా, పోనివ్వరా?” సెక్షన్లు వద్దు, ముందు దానికి జవాబు కావాలి. అడ్డాకు, చింతపండు, కొండచీపుర్ల లాంటి చిన్నతరహా అటవీ ఉత్పత్తుల మీద హక్కు అదే చట్టంలో విడిగా రాసి ఉంది, ఫారం-సి పెట్టినంత మాత్రాన అది పోదు. ఈ మాట మేము మగపిల్లలం మైకులో చెప్తే తల ఊపి వెళ్ళిపోతారు. డ్వాక్రా గ్రూపులో మా అక్క చెప్తే నాలుగు ప్రశ్నలు వేస్తారు. ఇంకోటి, ఇది చింతపండు రోజులు. తెల్లారకుండా కొండెక్కుతారు. పదకొండు గంటలకి మీటింగ్ అంటే మగవాళ్ళ మీటింగ్ అనే అర్థం. అందుకని రాత్రి వంటలయ్యాక పెట్టుకున్నాం.

భాష సంగతి. ఇంట్లో మేము మాట్లాడేది కువి. నోటీసు తెలుగులో వస్తుంది, చట్టం ఇంగ్లీషులో ఉంటుంది. ‘హక్కు’ని కువిలో ఎలా చెప్పాలా అని ఒక సాయంత్రమంతా గొడవపడ్డాం. చివరికి ఆ మాటే వదిలేశాం. “ఈ కొండ నుంచి మీరేం తెచ్చుకుంటారు, ఏ చోట నుంచి, ఎప్పట్నుంచి?” అని అడిగితే తాతలు గంటసేపు చెప్పారు. గుట్టల పేర్లు, ఊటల పేర్లు, దేవుడి చోట్లు. మ్యాప్ సగం అక్కడే తయారైంది.

అన్నిటికన్నా సున్నితమైంది పక్క ఊరు. మా రెండు ఊళ్ళ మధ్య ఒక గెడ్డ ఉంది. ఇవతల మాది, అవతల వాళ్ళది అని అందరూ అంటారు. కానీ ఇవతల గట్టున పదకొండు చింతచెట్లు వాళ్ళే దులుపుకుంటారు, తాతల నాటి నుంచీ. మేము వాళ్ళ వాలులో చీపుర్లు కోసుకుంటాం. ఎవరూ ఎవర్నీ అడగరు. ఇప్పుడు మేము జీపీఎస్ పట్టుకుని గెడ్డ దాకా గీత గీస్తే ఆ చెట్లు కాగితం మీద మావైపోతాయి. ఆ సంగతి వాళ్ళకి సంతలో ఇంకెవరో చెప్తే? “ఏటి బాబూ, మా చింతలు కూడా రాయించేసుకున్నారంట?” అని ఒక్కసారి మాట పడిందంటే కలెక్టర్ సంతకం పెట్టినా ఆ గీత నిలవదు. మా ఊరి కోడళ్ళలో సగం మంది అక్కడివాళ్ళే.

ఫారం-సిలోనే సరిహద్దు గ్రామాల పేర్లు రాసే చోటు ఉంది. ఒకే అడవిని రెండు ఊళ్ళు వాడుకుంటుంటే రెండు ఊళ్ళ కమిటీలూ కలిసి కూర్చుని, తేల్చింది తమ తమ గ్రామసభలకి రాసివ్వాలని రూల్ కూడా ఉంది. గొడవ వచ్చాక కూర్చునే కన్నా గీత గీయకముందే కూర్చుంటే ఏం పోయింది? ఇంకో లాభం కూడా ఉంది. క్లెయిమ్ పెట్టినవాళ్ళు కాకుండా వేరే పెద్దవాళ్ళు చెప్పిన మాట రాసిపెడితే అది సాక్ష్యం కింద పనికొస్తుంది. మా అడవి గురించి మేము చెప్పుకునే దానికన్నా పక్క ఊరి తాత “అవును, అది వాళ్ళదే” అంటే బరువు ఎక్కువ.

అక్కడికి డిగ్రీ పిల్లలం ముందు వెళ్ళకూడదన్నది నా అభిప్రాయం. ఫోనూ మ్యాపూ పట్టుకుని వెళ్తే సర్వేకి వచ్చినవాళ్ళలా కనిపిస్తాం. మొదటిసారి మావయ్యలే వెళ్తారు, మ్యాప్ లేకుండా. రెండోసారి మేము.

ఇక్కడ మా ఫ్రెండ్ ఒకడికీ నాకూ పడలేదు. ఆఫీసర్లకి ముందు చెప్పకపోతే కోపం తెచ్చుకుంటారు కదా అంటాడు. చెప్పొద్దని నేనడం లేదు. వాళ్ళకి చెప్పేది నోటితో కాదు, కాగితంతో. కమిటీ అడవిలో హద్దులు చూసే రోజు అటవీ, రెవెన్యూ శాఖలకి ముందుగా లెటర్ ఇవ్వాలి. వాళ్ళు వచ్చి, చూసి, హోదాతో తేదీతో సంతకం పెట్టాలి. రాకుండా ఉండి తర్వాత “మేము లేనప్పుడు చూశారు” అని అభ్యంతరం చెప్తే క్లెయిమ్ మళ్ళీ చూడమని వెనక్కి వస్తుంది. రెండోసారీ రాకపోతే గ్రామసభ తేల్చిందే ఫైనల్. కానీ పిలిచామని చూపించాలంటే ముద్ర వేసిన నకలు మన చేతిలో ఉండాలి. పక్క మండలంలో ఒక ఊరివాళ్ళు ఫోన్లో చెప్పి ఊరుకున్నారు, ఇప్పుడు ఆఫీసు చుట్టూ తిరుగుతున్నారు.

పనికి విజయవాడ, చెన్నై వెళ్ళిన మా వాళ్ళు 30 మంది దాకా ఉన్నారు. సగం మంది కావాలన్నప్పుడు ఆ 30 పెద్ద లెక్క. ఇటుకల పండక్కి ఎలాగూ వస్తారు కాబట్టి సభ ఆ వారంలో పెట్టమని పంచాయతీని అడిగాం. అప్పటిదాకా వాట్సాప్‌లో ఏమీ పెట్టొద్దని అనుకున్నాం. పక్క ఊరికి మావయ్యల కన్నా స్క్రీన్‌షాట్ ముందు చేరుతుంది.

ఎవర్ని అడగాలో నిర్ణయించేవాడి చేతిలోనే సగం ఫలితం ఉంటుంది. నియమగిరి చూడండి. అక్కడి డోంగ్రియా కోందులు కూడా కువి మాట్లాడేవాళ్ళే. 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు బాక్సైట్ గని సంగతి గ్రామసభలకే వదిలేసింది. ఒడిశా ప్రభుత్వం 12 ఊళ్ళనే ఎంచింది. మిగతా ఊళ్ళని ఎందుకు అడగరని అక్కడివాళ్ళు అభ్యంతరం చెప్పారు. అయినా ఆ 12 సభలూ జిల్లా జడ్జి ఎదుట ఒక్కటొక్కటిగా వద్దనే చెప్పాయి. ఆ సభల్లో ముసలివాళ్ళు లేచి సొంత భాషలో మాట్లాడారు.

మా నోట్‌బుక్‌లో ఇంకా రెండు వరసలు ఖాళీగా ఉన్నాయి. ఒకటి, వేసవిలో మైదానం నుంచి మేకలు తోలుకొచ్చేవాళ్ళు. కాలానుగుణంగా వచ్చే పశుపోషకుల హక్కు కూడా ఈ చట్టంలో ఉంది, కాబట్టి వాళ్ళనీ వదలకూడదు, కానీ వాళ్ళు ఏ ఊరి నుంచి వస్తారో ఎవరికీ సరిగా తెలీదు. రెండోది, సబ్ డివిజన్ కమిటీలో కూర్చునే మండల స్థాయి ప్రజాప్రతినిధులు. వాళ్ళని కలవడానికి ఎవరు వెళ్ళాలో తేలలేదు.

వచ్చే ఆదివారం మావయ్యలు గెడ్డ దాటుతున్నారు. సీతంపేట, రంపచోడవరం వైపు ఎవరైనా రెండు ఊళ్ళు కలిసి తీర్మానం రాసుకుని ఉంటే ఆ కాగితం ఫొటో పంపండి. ఊళ్ళ పేర్లు చెరిపేసి పంపినా పర్లేదు, రాసిన తీరు చూస్తే చాలు.