కంటి కొలత

వంటలో ఉప్పూ కారం నేనెప్పుడూ చెంచాతో కొలవను. అంతా కంటి కొలతే!

పోయిన ఏడాది మావారికి కొలనోస్కోపీ చేసి, పెద్దపేగులో ఉన్న పాలిప్‌ను తీసేశారు. బయాప్సీలో ఎడినోమా అనీ, కేన్సర్ లేదనీ వచ్చింది. హమ్మయ్య అనుకున్నాను. రిపోర్టులో మాత్రం "సుమారు 10 మి.మీ." అని ఉంది.

"2020లో అమెరికా నిపుణులు చెప్పిన లెక్క ప్రకారం ఎడినోమా 10 మి.మీ., ఆపైన ఉంటే మూడేళ్లకే మళ్లీ పరీక్ష. అంతకన్నా చిన్నవి ఒకటో రెండో అయితే ఏడు నుంచి పదేళ్ల వరకూ ఆగొచ్చు" అన్నారు డాక్టరుగారు.

"సుమారు అంటే ఎలాగండీ? ఎనిమిదే కావచ్చుగా!" అనేశాను. మావారు మోచేత్తో పొడిచారు.

డాక్టరుగారు నవ్వారు. "చాలాసార్లు మేమూ కంటితోనే అంచనా వేస్తామమ్మా. కెమెరా దగ్గరగా ఉంటే పెద్దదిగా, దూరంగా ఉంటే చిన్నదిగా కనిపిస్తుంది. పైగా 5, 10 అని రాసేసే అలవాటొకటి!" అంటూ ఫోటో చూపించారు. పాలిప్‌ను ఆనుకుని తెరిచిన తీగ ఉచ్చు. దాని వెడల్పు 10 మి.మీ. పాలిప్ దానికన్నా ఓ పిసరు ఎక్కువే ఉంది.

ఎనిమిదైతే బాగుండునని నా ఆశ. కానీ ఆశతో కొలవలేం కదా! మూడేళ్లకే వెళ్తాం.

మీ ఇంట్లో ఎవరికైనా ఇలాంటి రిపోర్టు వస్తే, "పక్కన ఏదైనా పెట్టి కొలిచారా?" అని మొహమాటం లేకుండా అడగండి. పులుసులో ఉప్పెక్కువైతే కాసిని నీళ్లు పోసి సర్దుకుంటాం. ఇక్కడలా కుదరదు.